పన్నెండు డాబాల దుమ్ము

నరసరావుపేట,
జనవరి 14.

వదినా,

పెట్టె తెరవగానే సీసాల మధ్య కవరు చూసి కంగారు పడకు. నేనే, గోపికని. ఇకనుంచి మనిద్దరి మాటలూ ఇలాగే నడుస్తాయి. ఫోను కుదరదు. మనింట్లో ఫోను అన్న చేతిలో ఉంటుంది. అన్న స్పీకరు పెట్టకుండా మాట్లాడలేడు. పైగా ఆయన తోలేది బాబూరావు కంకర క్రషరు టిప్పరు. నా ఫోను సంగతి అంతకన్నా అన్యాయం. ప్రాజెక్టుకి మూడు వాట్సాప్ గ్రూపులున్నాయి. ఒక గ్రూపులో పొరపాటున నిట్టూర్చానంటే రెండో గ్రూపులో దానిమీద చర్చ మొదలవుతుంది. మా డ్రైవరు మస్తానయ్య బాబాయి అయితే ఒకటో తారీఖునా పదిహేనునా జీపేసుకుని మన తెల్లగుట్లపాడు వస్తాడు, శాంపిళ్ళ పెట్టె ఇచ్చి పుచ్చుకుంటాడు. అందులో ఏముందని అడిగే మనిషి కాదు.

నా ఉద్యోగం ఏమిటని అడిగావు కదా, చెబుతాను, నవ్వకు. క్రషర్ల దుమ్ము పొలాలకీ నీళ్ళకీ మనుషులకీ ఏం చేస్తోందో తేల్చటానికి ఈ ప్రాజెక్టు. ఒక్క చదువుతో తేలే వ్యవహారం కాదని నాలుగు చదువుల వాళ్ళని కలిపారు. రాళ్ళూ నీళ్ళూ చూసే జయకర్ సారు, ఉపగ్రహాల బొమ్మలు చూసే చైతన్య సారు, మనుషుల్ని చూసే ప్రమీల మేడమ్, ఊపిరితిత్తులు చూసే ఒక డాక్టరు గారు. వీళ్ళని చూసుకునేందుకు పెద్ద సారు నరసింహారావు గారు. వీళ్ళంతా ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకునేలా చేయటం నా పని. దానికి సమన్వయకర్త అని పేరు పెట్టారు. మన వీధి కుళాయి దగ్గర బిందెల వరస చూసేవాళ్ళకి ఆ పేరు లేదు కానీ పని ఇదే.

మొదటి సమావేశం రెండు రోజులు జరిగింది. అంశం, దుమ్ము అంటే ఏమిటి. రేణువు ఇంత సైజు దాటితే అది దుమ్ము కాదు, ఇసక అన్నాడు జయకర్ సారు. పైనుంచి కనపడందే తాను దుమ్మని ఒప్పుకోనన్నాడు చైతన్య సారు. జనం దేన్ని దుమ్మంటారో అదే దుమ్ము అన్నది ప్రమీల మేడమ్. "లోపలికి పీలిస్తే దగ్గు తెప్పించేది" అన్నారు డాక్టరు గారు. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. రెండో రోజు భోజనాలయ్యాక ఆయన చెయ్యి కడుక్కోవటానికి వెళ్ళి ఇంతవరకూ తిరిగి రాలేదు. ఆ పోస్టు ఖాళీ. అప్పటినుంచీ మా పట్టికల్లో ఊపిరితిత్తులు అన్న చోట 'వర్తించదు' అని రాస్తున్నాను.

ఇరవై రెండున పన్నెండు స్టీలు పళ్ళేలు వస్తాయి. రెండడుగుల చదరం, కింద స్టాండు. పన్నెండు డాబాల మీద పెట్టించు. మన పోలేరమ్మత్త ఇల్లు మాత్రం తప్పకుండా ఉండాలి, క్రషరుకి దగ్గర అదే. ఊరి ఆడవాళ్ళకి నువ్వు చెబితేనే చెల్లుతుంది, అంగన్వాడీ టీచరువి.

నీ మరదలు
గోపిక


తెల్లగుట్లపాడు,
ఫిబ్రవరి 14.

సమన్వయకర్త గారికి వదిన నాగవేణి వ్రాయునది,

పళ్ళేలు ఎక్కాయి. పోయిన ఒకటో తారీఖున మీ సార్లందరూ దిగారు. నువ్వు తప్ప అందరూ వచ్చారు. ఆ మాట మళ్ళీ మాట్లాడుకుందాం.

మీ రాళ్ళ సారు రెండు రాళ్ళు ఏరి నాలిక మీద పెట్టి చూశాడు. చూసిన వాళ్ళు గుండె పట్టుకున్నారు. "ఏందమ్మా, ఆయనకి ఇంట్లో తిండి పెట్టరా?" అని పోలేరమ్మత్త నా చెవిలో అడిగింది. మనుషుల మేడమ్ ఆమెనే కూర్చోబెట్టి "దుమ్ముతో మీ అనుబంధం ఎలాంటిది?" అని అడిగింది. అత్త ఆలోచించి, "నా మొగుడుతో ఎట్టాంటిదో దాంతోనూ అట్టాంటిదే. పొమ్మంటే పోదు" అంది. మేడమ్ మూడు పేజీలు రాసుకుంది. చైతన్య సారు డ్రోను ఎగరేస్తే మన కోళ్ళన్నీ గంపల కిందకి దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఆయనే ప్రతి పళ్ళెం కింద లైటు మిణుకుమిణుకుమనే డబ్బా ఒకటి బిగించి, ఇందులో అంతా రికార్డవుతుందని చెప్పాడు.

అసలు గొడవ తర్వాత వచ్చింది. మీ పెద్ద సారు పోలేరమ్మత్త డాబా ఎక్కాడు. పళ్ళెంలో వేలు పెట్టి రాసి, ఆ వేలు అందరికీ చూపించి, "అబ్బా, ఏమిటండీ ఇంత మురికి!" అని మొహం అదోలా పెట్టి జేబురుమాలుతో తుడుచుకున్నాడు. పక్క డాబాల మీద ఆడవాళ్ళంతా నిలబడి చూస్తున్నారు. అత్త మొహం మాడిపోయింది. పొద్దున లేచి మూడుసార్లు ఇల్లూడ్చే మనిషి. ఆయన దిగి వెళ్ళాక ఆమె చీపురు తీసుకుని ఊడ్చిన డాబానే మళ్ళీ ఊడ్చింది. సాయంత్రం పన్నెండిళ్ళ వాళ్ళూ అక్కడే చేరారు. నేను వెళ్ళి సర్దిచెప్పబోతే, "నువ్వు పోవే టీచరమ్మా, ఇకన అట్టాంటి మాట రాకుండా మేం చూసుకుంటాంలే" అన్నారు. సరే, పరువు గలవాళ్ళు కదా అని ఊరుకున్నాను.

ఇక నా సంగతి. బాబూరావు రెండో క్రషరు పెడతాడట. స్థలం మా అంగన్వాడీ సెంటరు వెనక గోడకి నూట యాభై అడుగుల్లో. ముగ్గు పోసి హద్దులు కూడా గీశారు. ఇప్పుడున్న దానికే మా ఇరవై ఒక్క మంది పిల్లల్లో పద్నాలుగు మంది పడుకున్నా దగ్గుతున్నారు. జూన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ అని కాగితం అంటించారు. అందులో మీ ప్రాజెక్టు రిపోర్టు చదువుతారని ఉంది. గోపీ, నేను మీ వాళ్ళని ఎంత ఎగతాళి చేసినా నాకున్న ఆశ ఆ రిపోర్టు ఒక్కటే. రెండోది వస్తే సెంటరు మూసుకోవాలి, లేదా పిల్లల్ని ఆ దుమ్ములో కూర్చోబెట్టాలి. ఈ రెండూ నా చేత కాదు.

నాగవేణి


నరసరావుపేట,
మార్చి 14.

వదినా,

మూడుసార్లు రాద్దామని కూర్చున్నాను. ప్రతిసారీ ఏదో ఒక సమావేశం వచ్చి పడింది. పోయిన వారం, సమావేశాలు తగ్గించుకోవటం ఎలా అన్నదాని మీద నాలుగు గంటలు కూర్చున్నాం. దాని కోసం ఒక ఉపసంఘం కూడా పడింది.

ఇక్కడ ఒక వింత జరిగింది. పళ్ళేల లెక్క రెండుసార్లు వచ్చింది. మన ఊళ్ళో దుమ్ము లేదు. లేదంటే ఇంత కూడా లేదు. మస్తానయ్య బాబాయి తెచ్చిన పన్నెండు కవర్లూ దులిపితే మూడు వేళ్ళకి సరిపడా రాలేదు. క్రషరు పక్కనున్న ఊళ్ళో గాలి కొండ మీది గాలిలా ఉందట!

ఇంకెవరైనా అయితే లెక్క తప్పిందేమో అనుకునేవాళ్ళు. మా వాళ్ళు అనుకోలేదు. ఎవరికి వాళ్ళకి కారణం దొరికింది. మీ ఊరి రాయిలోనే తేమ ఉంది, అందుకే పొడి లేవదంటాడు జయకర్ సారు. గాలి ఊరి దగ్గరికి రాగానే పక్కకి తిరుగుతోందట, చైతన్య సారు బాణాలు గీసి చూపించాడు. తరతరాలుగా ఆడవాళ్ళు చల్లే కళ్ళాపి వల్లనే అని ప్రమీల మేడమ్ అంటోంది. ముగ్గురూ మూడు వ్యాసాలు రాస్తున్నారు. పెద్ద సారు ఆ మూడింటి మీదా తన పేరు ముందు పెట్టమంటున్నాడు. రోజుకి అయిదు ఈమెయిళ్ళు, నాలుగు అలకలు, అందరి మధ్యా నేను. నేను పెట్టాల్సిన సంతకాలు కూడా గుట్టలుగా పడుతున్నాయి, పెడుతూ పోతున్నాను.

రావాలనే ఉంది. పని తెమలటం లేదు. నీ సెంటరు సంగతి నాకు గుర్తుంది వదినా. కానీ లెక్క ఇలా వస్తే రిపోర్టు ఇంకోలా రాయమని నేనెలా అడగను? నిజంగానే ఈ ఏడాది దుమ్ము తగ్గిందేమో కాస్త గమనించి రాయి.

గోపిక


తెల్లగుట్లపాడు,
మార్చి 31.

ఏమే గోపీ,

దుమ్ము తగ్గిందా అని నన్ను అడుగుతున్నావా? ఈ మాట నువ్వే రాశావా, మీ ఉపసంఘం రాసిందా? నువ్వు ఈ ఊళ్ళోనే పుట్టావు. ఉతికి ఆరేసిన చీర మడతపెట్టే ముందు దులపాలని నాకు పెళ్ళయిన కొత్తల్లో నేర్పింది నువ్వు. నిన్న సెంటరులో పిల్లలకి గుడ్డు ఒలిచి పెట్టేలోపు దాని మీద పొర పడింది. కడిగి పెట్టాను.

ఆ లైటు డబ్బాలు పాడయ్యాయేమో చూడండి. మా వల్ల మాత్రం ఏ లోపమూ లేదు. పళ్ళేలు అద్దాల్లా ఉంచుతున్నారు. ఆ రోజు మీ పెద్ద సారు మాట అన్న దగ్గర్నుంచీ జీపు వచ్చే ముందు రోజు పన్నెండిళ్ళలోనూ అదే పని. ముందు మెత్తటి చీపురుతో ఊడ్చి, తర్వాత సబ్బు పెట్టి తోమి, పొడిగుడ్డతో తుడుస్తారు. పోలేరమ్మత్త అయితే చింతపండు కూడా వాడుతోంది. "ఇప్పుడు పెట్టమను వేలు, ఎక్కడ పెడతాడో చూత్తా" అంటుంది. పోయినసారి మస్తానయ్య బాబాయి పళ్ళెంలో మొహం చూసుకుని మీసం దువ్వుకున్నాడు. మీ ఆఫీసులో మన ఊరి పేరు నిలబెట్టాం, ఆ దిగులు పెట్టుకోకు.

పిల్లల దగ్గు సంగతి రిపోర్టులో ఎక్కడ రాస్తున్నారు? ఆ మాట మాత్రం రాయలేదు నువ్వు.

నాగవేణి


నరసరావుపేట,
ఏప్రిల్ 14.

వదినా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివి బాత్‌రూములోకి వెళ్ళి తలుపేసుకున్నాను. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెలియలేదు.

వదినా, ఆ పళ్ళేలే కొలత. పదిహేను రోజుల్లో పళ్ళెంలో ఎంత పడితే అంత దుమ్మున్నట్టు. ఆ లైటు డబ్బా దుమ్ముని కొలవదు. అది ఎక్కడుందో అది చెబుతుంది, అంతే. డాబా మీద పెట్టిన డబ్బా డాబా మీదే ఉందని ఉపగ్రహానికి రోజూ చెప్పుకుంటోంది. మీరు రెండు నెలల పైగా ప్రాజెక్టుని సబ్బు పెట్టి తోమారు.

సమావేశంలో చెప్పాను. అందరూ ఒకేసారి తలలు వంచి ఎదురుగా ఉన్న కాగితాలు తిరగేశారు. వీళ్ళు నలుగురూ ఒక విషయంలో కలవటం నేను చూడటం అదే మొదలు. తర్వాత జయకర్ సారు, "నా వ్యాసం పత్రికకి వెళ్ళిపోయిందే" అన్నాడు. "నాదీ వెళ్ళింది" అన్నాడు చైతన్య సారు. ప్రమీల మేడమ్ ఒక్కతే కాస్త సంతోషించింది, కళ్ళాపి తీసేసి తోమటం అని మార్చుకుంటే ఆమె వ్యాసం ఇంకా బాగుంటుందట. చివరికి పెద్ద సారు తేల్చాడు. రిపోర్టు మారదు. చివరి పేజీలో, 'పరికరాల నిర్వహణలో స్థానికుల సహకారం ఆశించిన దానికంటే ఎక్కువగా లభించింది' అని ఒక వాక్యం వేస్తారు. అది చదివి దుమ్ము సంగతి ఎవరికి అర్థమవుతుందో దేవుడికి తెలియాలి.

ఇంత పని చేసే ముందు నన్నొక్క మాట అడగాల్సింది మీరు. అడగలేదు. ఇప్పుడు జరిగింది జరిగిపోయింది. ఈ తోమటం సంగతి బయట ఎక్కడా అనకు, నీకు పుణ్యముంటుంది. ప్రాజెక్టు పరువు పోతుంది. వచ్చే ఏడాది ఇంకో దశ ఉంటుందంటున్నారు, అప్పుడు సరిగ్గా కొలుద్దాం.

గోపిక


తెల్లగుట్లపాడు,
ఏప్రిల్ 30.

గోపికకి,

వచ్చే ఏడాది కొలుస్తారా? అప్పటికి క్రషరు తిరుగుతుంటుంది. కొలవటానికి నా దగ్గర సెంటరూ ఉండదు, పిల్లలూ ఉండరు.

నీ ఉత్తరం చదివి కోపంతో అన్నం తినలేదు. మేం అడగలేదన్నావు. ఎవరిని అడగాలి? మూడు నెలల్లో ఒక్కసారి వచ్చి ఒక్క డాబా ఎక్కి ఉంటే నీకే కనపడేది కదా, మనవాళ్ళు దేన్నైనా కడగకుండా ఉంచుతారా అని నీకు తెలియదా? ప్రాజెక్టు పరువు అని రాశావు. మొన్న పదిహేనున మస్తానయ్య బాబాయి మంచినీళ్ళ కోసం వచ్చి మనింట్లో ఫైలు పెట్టి వెళ్తే తెరిచాను. తప్పే, తెరిచాను. ప్రతి కాగితం కిందా 'స్వయంగా డాబా ఎక్కి పరిశీలించితిని' అని ఉంది. దాని కింద నీ సంతకం. పదిహేను రోజులకి పన్నెండు చొప్పున. నువ్వు దాస్తున్నది ప్రాజెక్టు పరువు కాదని అప్పుడు తెలిసింది. నాతో చెప్పి ఉంటే తిట్టేదాన్ని, ఆ తర్వాత పక్కన నిలబడేదాన్ని. నాక్కూడా చెప్పలేదు చూడు, అది బాధేసింది.

ఇప్పుడు ఇంకో మాట విను. పోలేరమ్మత్త దగ్గరికి పోయి, ఊడ్చిన దుమ్మంతా ఏ దిబ్బలో పోశారని అరిచాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "పారబోత్తామా ఏంది? బజార్లో కొనే పిండికన్నా సన్నంగా పడతంది. ధనుర్మాసం ముగ్గులకని దాచా" అంది. అటక మీదనుంచి నెయ్యి డబ్బా దించింది. పన్నెండిళ్ళలోనూ దాచారు. బిస్కెట్ల డబ్బా, రంగు డబ్బా, ఒకళ్ళు పాత ప్రెషర్ కుక్కరులో. ఎవరి డాబాది వాళ్ళే. ఒక్క చిటికెడు కూడా వాడలేదు, ముగ్గుల కాలం కాదు కదా.

ఇవాళ అందరినీ సెంటరుకి పిలిచాను. పసిపిల్లల్ని తూచే మిషను మీద గుడ్డ పరిచి, డబ్బా డబ్బా విడిగా పోసి తూచాను. అందరి ముందూ రాసి వేలిముద్రలూ సంతకాలూ తీసుకున్నాను. తర్వాత మొత్తం కలిపి ఒకసారి తూచాను. ముల్లు ఆగిన చోటు చూడటానికి అందరూ ముందుకి వంగారు. మూడు కిలోల రెండు వందల గ్రాములు. మన ఊళ్ళో పోయిన ఏడాది పుట్టిన పిల్లల్లో ఒక్కరికి కూడా పుట్టినప్పుడు ఆ బరువు లేదు. మళ్ళీ ఎవరి డబ్బాలో వాళ్ళకి పోసి మూతలు పెట్టాం.

జూన్ పదిన ప్రజాభిప్రాయ సేకరణకి ఆ డబ్బాలు పట్టుకుని ఆడవాళ్ళంతా వస్తున్నారు. నీ సంతకం సంగతి నా నోటినుంచి రాదు. మీ అన్నకి కూడా చెప్పలేదు. కానీ పళ్ళేలు మేం తోమామని చెప్పగానే, మరి పరిశీలించింది ఎవరని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు నీ దగ్గరే ఉంది.

నాగవేణి


నరసరావుపేట,
మే 14.

వదినా,

ఏం రాయాలో తెలియక ఇన్నాళ్ళూ ఆలస్యం చేశాను.

నేను ఒక్కసారి కూడా డాబా ఎక్కలేదు. మొదటి కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు వచ్చేవారం వెళ్ళి చూద్దాంలే అనుకున్నాను. రెండో దానికి అలవాటైంది. ఆఫీసులో అందరి సంగతీ రాసి నిన్ను నవ్వించాను కానీ నేను కూడా వాళ్ళలో ఒకదాన్నయ్యానని రాయలేకపోయాను. రాళ్ళు కొట్టిన నాన్న చేతులు చూసి ఈ చదువు చదివాను. సిగ్గుగా ఉంది.

ఉద్యోగం పోతుందని భయం. ఇంకా భయంగానే ఉంది. అయినా పదో తారీఖున వస్తాను. డబ్బాలు జాగ్రత్త. పోలేరమ్మత్తని ముగ్గు వేయనివ్వకు.

గోపిక


నరసరావుపేట,
జూన్ 16.

వదినా,

ఇది శాంపిళ్ళ పెట్టెలో రాదు. ఆ పెట్టె ముట్టుకునే హక్కు పోయింది. తపాలా బిళ్ళ అంటించి పోస్టులో వేస్తున్నాను.

ఆ రోజు శామియానా కింద నువ్వు పడ్డ హడావిడిలో కొన్ని చూసి ఉండవు. పెద్ద సారు, 'దుమ్ము అనుమతించదగిన పరిమితిలోనే ఉన్నది' అని చదువుతుంటే బాబూరావు ముందు వరసలో కూర్చుని, కూతురి పెళ్ళి మంత్రాలు వింటున్నట్టు తలూపాడు. అప్పుడే పోలేరమ్మత్త లేచింది. "అయ్యా, మా ఊళ్ళో దుమ్ము లేదంటన్నావు. మరి నేను దాచుకుంది ఏంది, నీ కళ్ళతో చూడు" అని నెయ్యి డబ్బా మూత తీసి ఆయన కాగితాల మీద పెట్టింది. సేకరణ జరపటానికి వచ్చిన అధికారి గారు అందులో వేలు పెట్టారు. ఆ వేలు రుమాలుతో తుడుచుకోలేదు, అలాగే పట్టుకుని కూర్చున్నారు.

పళ్ళేలు తోమిన సంగతి చెప్పి నువ్వు తూకాలు చదివాక పెద్ద సారు ఇంకేమీ తోచక, ఆ తూకం మిషనుకి ప్రమాణ పరీక్ష జరిగిందా అని నిన్ను అడిగాడు చూడు. నువ్వు చెప్పిన మాట నాకు జన్మంతా గుర్తుంటుంది. "దీని మీద తూచే కదండీ మా పిల్లలు బరువు తక్కువని నెలనెలా సర్కారుకి రాస్తన్నాం. అది ఒప్పైతే ఇదీ ఒప్పే." అప్పుడు అన్న, ఆ బాబూరావు టిప్పరు తోలే మన అన్న, ఎవరూ చెప్పకుండా లేచి సెంటరులోకి పోయి మిషను భుజాన పెట్టుకుని తెచ్చి అధికారి గారి బల్ల మీద పెట్టాడు. డబ్బాలన్నీ మళ్ళీ పోసి తూచారు. అదే బరువు. నాకు ధైర్యం వచ్చింది అన్నని చూశాకే. లేచి నిలబడి, ఈ పళ్ళేలు పరిశీలించినట్టు సంతకాలు పెట్టింది నేనే, ఒక్కటి కూడా నిజం కాదు అన్నాను. నువ్వు నావైపు చూడలేదు కానీ నీ చెయ్యి నా చేతిలోకి వచ్చింది.

రిపోర్టు వెనక్కి పంపారు. మళ్ళీ కొలిచి తేల్చేదాకా, పిల్లల్ని డాక్టరు చూసేదాకా రెండో క్రషరుకి అనుమతి లేదని రాశారు. అది మనకి చేరింది. నాకు చేరింది ఇంకో కాగితం. సమన్వయ లోపం కారణంగా సమన్వయకర్తని తొలగించారు.

చివరి రోజు సామాను సర్దుకుంటుంటే పక్క గదిలో సమావేశం. అంశం, ఆ మూడు కిలోల రెండు వందలు ఎవరివి. రాతి పొడి కాబట్టి తనదంటాడు జయకర్ సారు. ఆడవాళ్ళు పోగుచేశారు కాబట్టి తనదంటుంది ప్రమీల మేడమ్. ఏ డాబా ఎక్కడుందో చెప్పింది తన లైటు డబ్బాయే కాబట్టి తనదంటాడు చైతన్య సారు. ప్రాజెక్టే తనది కాబట్టి అసలు ప్రశ్నే లేదంటాడు పెద్ద సారు. రెండు రోజులయింది, ఇంకా తేలలేదు. డబ్బాలు తెమ్మని మస్తానయ్య బాబాయిని పంపారట, నిజమేనా?

గది ఖాళీ చేయాలి. ఇంటికి రావచ్చా?

గోపిక


తెల్లగుట్లపాడు,
జూన్ 25.

గోపీ,

ఇంటికి రావచ్చా అని అడుగుతావేంటే? ఆ మాట అన్నందుకు ముందు వీపు మీద ఒకటి, ఆ తర్వాత అన్నం. మీ అన్న నీ మంచం బయటికి తీసి దులిపి మళ్ళీ లోపల వేశాడు. ఆయనకి కూడా బాబూరావు టిప్పరు పోయింది. సత్తెనపల్లిలో ఇంకో బండి చూసుకున్నాడు. "చెల్లెలు చెప్పిందానికి నేనెందుకు తల దించుకుంటా" అన్నాడు.

మస్తానయ్య బాబాయి వచ్చిన మాట నిజమే. పోలేరమ్మత్త డబ్బా ఇవ్వలేదు. "కావాలంటే ఆయన్నే వచ్చి, ఇది మురికి కాదని నా ముందర చెప్పి తీసకపొమ్మను" అంది. తోమటం మాత్రం అందరూ ఆపేశారు. కొత్త డాక్టరమ్మ సోమవారం వస్తుందట, పేరు షాహీన్. నలుగురు సార్లతో కాకుండా ఒక్కతే వస్తుందని విని ఊరంతా ఊపిరి పీల్చుకుంది.

నిన్న సెంటరులో ఖాళీగా కూర్చుని, కొత్తగా పుట్టిన పిల్లల రిజిస్టరు తీసి ఒక వరస రాశాను. పై అధికారి వస్తే తిడుతుంది, తిట్టనీ. పేరు, దుమ్ము. పుట్టిన ఊరు, తెల్లగుట్లపాడు. తల్లి పేరు దగ్గర పోలేరమ్మతో మొదలుపెట్టి పన్నెండు మందినీ రాశాను, గడి చాలక అంచులోకి పోయింది. తండ్రి పేరు దగ్గర మాత్రం ఆగిపోయాను. నువ్వు రాసినదాన్ని బట్టి నలుగురు నాదంటే నాదంటున్నారు కదా, మీ సమావేశంలో తేలేదాకా ఆ గడి ఖాళీగానే ఉంచాను. బరువు మూడు కిలోల రెండు వందలు అని రాసి, ఆరోగ్యంగా ఉంది అన్న గడిలో టిక్కు పెట్టాను. దాని పక్కన మన పిల్లల వరసలున్నాయి. వాటిలో ఆ టిక్కు పెట్టిన గడులు చాలా తక్కువ. రాశాక నవ్వుకుందామనుకున్నాను, నవ్వు రాలేదు.

రిజిస్టరులో ఎక్కిన వాళ్ళని నెలనెలా తూచాలని రూలు. ఒకటో తారీఖుకల్లా వచ్చెయ్యి. ఈసారి డాబాలన్నీ నువ్వే ఎక్కాలి.

వదిన
నాగవేణి